బంతి లేని జట్టు

పర్లాకిమిడిలో కొమ్ముపని వీధి
ముందు ముక్కుకి తెలుస్తుంది.
వేడెక్కిన దున్నకొమ్ము, కాలిన వెంట్రుక వాసన.
ఉదయనాథ్ మహారాణా చెక్కేవాడు,
నేను మెరుగు పెట్టేదాన్ని.
అతని ఒడియా నాకు సగం, నా తెలుగు అతనికి ముప్పావు,
మిగిలింది ఆకురాయి మాట్లాడేది.

కొనేవాళ్లకి కొంగలు కావాలి, రొయ్యలు కావాలి.
పగలు కొంగలు చేసి బియ్యం తెచ్చుకుని
రాత్రిళ్లు ఆటగాళ్లని చెక్కాడు.
పదకొండు మంది. ఏడేళ్లు.

"నలభై ఎనిమిదిలో లండన్ వెళ్లినోళ్లు" అని
మొదట నలుగుర్ని నా ఒళ్లో పోశాడు.
బూట్లు లేవు. జట్టులో చాలామందికి లేవంట.
రెండు పెనాల్టీలు పోగొట్టుకుని
ఒక్క గోలు తేడాతో ఓడారంట.
కాలివేళ్లన్నీ విడివిడిగా చెక్కాడు మహానుభావుడు,
ఆ సందుల్లో బొగ్గుపొడి రుద్ది రుద్ది
నా గోళ్లు అరిగాయి.
"ఓడినోళ్లకి ఇంత పనేటి, మేస్త్రీ?"
"గెలిస్తే మొహం చూస్తారు.
ఓడితేనే కాళ్లు చూస్తారు."

యాభై ఒకటి, ఢిల్లీ, బంగారం.
ఎత్తిన చెయ్యి రెండుసార్లు విరిగింది.
యాభై ఆరు, మెల్‌బోర్న్.
ఆస్ట్రేలియాకి వాళ్ల గడ్డమీదే నాలుగు గోళ్లు కొట్టి
చివరికి నాలుగో స్థానం.
"అంటే ఏటి?"
"పంక్తిలో మన దాకా వచ్చేసరికి
విస్తళ్లు అయిపోడం."

అరవై రెండు, జకార్తా.
మైదానమంతా గేలి చేస్తుంటే
తలకి కుట్లతో దిగినవాడొకడు గోలు కొట్టాడంట.
ఆ కట్టుకి బియ్యపుగింజంత తెల్ల ఎముక పొదిగాడు.
అక్కడ మాత్రం నన్ను రుద్దనివ్వలేదు.
"నొప్పి" అన్నాడు.

ఇవేవీ అతను చూసినవి కావు.
నౌపడా నుంచి చిన్నబండి గార్డు పేపరు తెచ్చేవాడట,
ఒకరోజు ఆలస్యంగా.
మా ఊరికి గెలుపు ఎప్పుడూ మర్నాడే.

"మరి ఆ తర్వాత?" అన్నాను.
ఆకురాయి ఆగింది.
"దున్న బతికుండగా కొమ్ము చేతికి రాదు కదా."
అది జవాబో కాదో
ఇప్పటికీ తేల్చుకోలేదు నేను.

కొమ్ము మొదలంతా డొల్ల, కొసే గట్టి.
అన్నిటికంటే మంచి కొస కోసి
రేగ్గింజంత బంతి చేశాడు.
నేను మూడు రోజులు రుద్దాను, కన్నుపాపలా నిగనిగలాడేదాకా.

ఇవాళ అద్దాల బీరువాలో పదకొండుగురూ
తలలు వంచుకుని నిలబడి ఉంటారు.
ఏం వెతుకుతున్నారని బేరగాళ్లు అడుగుతారు.
కొంగలు ఇటున్నాయి బాబూ, అంటాను.

బంతిని మేస్త్రీ మనవరాలు కునీ తన్నేసింది,
గుమ్మం దాటి, మెట్టు దాటి
నిండుగా పారే వాన కాలవలోకి.
వీధంతా మోకాళ్లమీద దేవులాడాం.
ఆయన తిట్టలేదు.
"ఏ కాలితో తన్నావే?" అనడిగాడు.
"ఎడం."
బురద కారుతున్న ఆ గుంట కాలిని
వెలుతురుకి ఎత్తి, అటూ ఇటూ తిప్పి,
సంతలో కొమ్ము ఎంచుకునేటప్పుడు చూసినట్టు
చాలాసేపు చూశాడు.