సగం పేరు

పదిహేడేళ్లుగా ఈ మైదానంలో నా పని
సగం పేరు చెప్పడం.

"నాలుగో నంబరు, రాయ్‌మూండ్" అంటాను మైకులో.
మిగతా సగం
మూడు వేల గొంతులు చెబుతాయి:
పిసూలా!
ఆ చివరి "లా"ని సాగదీసేది తూర్పు గ్యాలరీ.
గని సైరన్ ఆగిపోయాక
సైలీషియాలో ఈ మూల
అంత పొడుగు శబ్దం అదొక్కటే మిగిలింది.

జూన్‌లో క్లబ్బువాళ్లు మూడు వాక్యాలు రాశారు.
సేవలకు కృతజ్ఞతలు.
పరస్పర అంగీకారంతో.
భవిష్యత్తు బాగుండాలని.
గేటు దగ్గర అద్దాల పెట్టెలో ఆ కాగితం చదివి
"ఇది నాకు తెలిసిన ఉత్తరమే" అన్నాడు ఎవాల్డ్.
గని మూసినప్పుడు అతనికి వచ్చిందీ ఇదే,
కామాలు కూడా అక్కడక్కడే.

పిసూలాతో పాటు గోలీ గైదాని వదిలేశారు,
ఎడమ అంచున పరిగెత్తే చిన్న ఎమిల్‌ని కూడా.
పెనాల్టీకి ముందు గైదా గోలు స్తంభాన్ని ముద్దుపెట్టుకునేవాడు.
ఆ చోట రంగు పోయిందని బ్రోంకా ఇప్పటికీ చూపిస్తుంది.
(రంగు అన్నిచోట్లా పోయింది. నేనేం అనలేదు.)
ఎమిల్ గురించి ఎక్కువ చెప్పను.
మంచి బంతులు ఇచ్చేవాడు.
ఎవరికి ఇస్తున్నాడో చూసుకునేవాడు కాదు.

కానీ పిసూలా...
అందగాడేం కాదు, వేగమూ లేదు,
ఒకే మోకాలికి రెండుసార్లు కోత పడింది.
బొగ్గు నుసి కలిసిన బురదలో
బంతికీ మా గోలుకీ మధ్య
తలుపుకి వేసిన అడ్డగడియలా పడుకునేవాడు.
ఆట అయ్యాక కంచె దగ్గరికొచ్చి
బ్రోంకా దగ్గర పొద్దుతిరుగుడు గింజలు అప్పుగా తీసుకునేవాడు.
ఆ అప్పు ఇంకా ఉంది, పద్నాలుగు పొట్లాలు.
ఆవిడ పుస్తకంలో ఆ పేజీ చింపలేదు.

ఆగస్టు. మొదటి ఆట.
నాలుగో నంబరు చొక్కాలో కొత్త కుర్రాడు,
పందొమ్మిదేళ్లు, చెవులు ఎర్రగా.
"నాలుగో నంబరు, క్సవేరి" అన్నాను.
మూడు వేల గొంతులు ఊపిరి తీసుకుని
అలవాటు కొద్దీ
పిసూలా! అన్నాయి.

ఎవరూ కావాలని అనలేదు.
నాలుకకి ఉత్తరాలు చదవడం రాదు కదా.
కుర్రాడు చెయ్యెత్తబోయి సగంలో దించేశాడు.
ఆ సగం చెయ్యి రాత్రి నన్ను నిద్రపోనివ్వలేదు.

అక్టోబరులో పిసూలా వచ్చాడు,
పక్క ఊరి ఆకుపచ్చ చొక్కాలో.
ఎదుటి జట్టు పేర్లకు వేరే పద్ధతి:
రెండు సగాలూ నేనే చెప్పాలి,
సరుకుల చిట్టా చదివినట్టు, ఆగకుండా.
చదువుతూ పోయాను.
పదహారో నంబరు, రాయ్‌మూండ్

దగ్గు వచ్చింది.
క్లబ్బుకి రాసిచ్చిన సంజాయిషీలోనూ అదే రాశాను, దగ్గని.
మూడు వాక్యాల్లోనే రాశాను.

ఆ దగ్గంత ఖాళీలోకి
తూర్పు గ్యాలరీ మొత్తం దిగింది.
ఆ "లా" ఎంతసేపు సాగిందంటే
రిఫరీ ఈల నోట్లో పెట్టుకుని మళ్లీ తీసేశాడు.
పిసూలా కిందికి వంగి
ఊడని లేసు విప్పి, మళ్లీ కట్టుకున్నాడు.

ఒకటి సున్నాతో ఓడిపోయాం.
చివరి నిమిషంలో మా బంతిని గీత మీద ఆపింది అతనే.
అదే గడియ, అవతలి తలుపుకి.
జనం తిట్టారు, చప్పట్లూ కొట్టారు.
ఒకే మనిషి రెండూ చేయడం ఎవాల్డ్‌లో చూశాను.
గింజల అప్పు తీర్చకుండానే బస్సెక్కాడంటారు.
తీర్చబోతే బ్రోంకాయే తీసుకోలేదని కూడా అంటారు.

ఇప్పుడు శుక్రవారం రాత్రుళ్లు వంటింట్లో నిలబడి
కొత్త కుర్రాడి పేరు సాధన చేస్తున్నాను.
వాడి ఇంటిపేరు రిష్.
అగ్గిపుల్ల గీసినంత చప్పుడు,
సాగదీద్దామంటే చోటే లేదు.

"నాలుగో నంబరు, క్సవేరి" అంటాను పొయ్యి వైపు తిరిగి.
పక్కగదిలో ఇస్త్రీ చేస్తున్న నా భార్య
తల ఎత్తకుండానే జవాబిస్తుంది.
ఏ పేరో మీకు చెప్పక్కర్లేదు.

మళ్లీ అంటాను.
ఈసారి ఇస్త్రీపెట్టె ఆగింది.
తడి చొక్కా మీద ఆవిరి బుస్సుమంది.
అందులో ఆ కుర్రాడి పేరు ఉందో లేదో
నాకు సరిగ్గా వినబడలేదు.