కనపడని కర్త

పీటర్‌హెడ్ రేవులో
గురువారం సాయంత్రాలు
లైబ్రరీ మేడ మీద ఇంగ్లీషు పాఠం.
కిటికీ అద్దాలకి ఉప్పుగాలి మరకలు,
హీటరు మీద ఆరేసిన ఏడు జతల చేతితొడుగులు,
గదంతా చేపల వాసన.
తమదని ఎవరూ ఒప్పుకోరు.

ఎల్స్‌పెత్ టీచరు బోర్డు మీద
ఒక్క మాట రాసింది: కమ్.
"ఇది పూర్తి వాక్యం" అంది.
"మరి కర్త ఏదీ?" అన్నాడు జల్మయ్,
ఒకప్పుడు కుందుజ్‌లో లెక్కల మాస్టారు.
"ఉంది. దాక్కుంది.
లోపల 'యూ' ఉంటుంది, పైకి పలకం."
"సమీకరణంలో ఎక్స్ లాగానా?"
అలాగే అనుకోమంది.

లెతెబ్రహన్ చెయ్యెత్తింది.
"మా తిగ్రిన్యలో
మగవాణ్ణి పిలిస్తే నిఆ, ఆడదాన్నయితే నిఈ,
నలుగుర్నయితే నిఊ.
మీ కమ్ వింటే
వెళ్ళాల్సింది నేనేనని ఎలా తెలుస్తుంది?"
టీచరు మార్కరు మూత తీసి, పెట్టి, మళ్ళీ తీసి
"ఎవర్ని చూస్తున్నారో దాన్ని బట్టి" అంది చివరికి.

వెనక కూర్చుని కాగితాలు పంచే నేను
వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను:
రా, రావే, రారా, రావయ్యా, రండి, దయచేయండి.
ఒక్క పిలుపుకి మేం ఎన్ని జతల చెప్పులు తొడుగుతామో!
ఈ భాషలో
రాజుకీ పిల్లికీ ఒకటే గుమ్మం.

లెతెబ్రహన్ నోటుబుక్కులో
ఫ్యాక్టరీ ఇంగ్లీషు వరసగా ఉంది:
లిఫ్ట్. కట్. వాష్. హర్రీ.
మూడేళ్ళుగా చెవిన పడ్డవన్నీ క్రియలే,
ఒక్కదాంట్లోనూ తను లేదు.
ప్రతి మాట ముందూ ఇప్పుడొక గీత గీసింది
మనిషి పట్టేంత.

మా పాత వ్యాకరణంలో ఆదేశమంటే
ఆజ్ఞ కాదు;
ఉన్న అక్షరాన్ని లేపేసి
దాని పీట మీద మరొకటి కూర్చోవడం.
ఆమెకి చెబుదామనుకున్నాను.
ఆమె ఊరి పేరే
నాకింకా సరిగ్గా నోరు తిరగదు. ఊరుకున్నాను.

తర్వాత డోంట్ వచ్చింది, లెట్స్ వచ్చింది.
ప్లీజ్ ముందుంటే బతిమాలినట్టూ
చివరుంటే కాస్త విసుక్కున్నట్టూ ఉంటుందట,
అన్నిసార్లూ కాదట.
మైండ్ ద స్టెప్ అంటే బెదిరింపు కాదట.
హేవ్ ఎ సీట్ అంటే
కుర్చీ ఇంటికి పట్టుకుపొమ్మని కాదట.
జల్మయ్ గడ్డంలోపలే నవ్వుకున్నాడు.

ఇంటిపని: తలా ఒక ఆజ్ఞ.
ఎక్స్ విలువ కనుక్కో, అని జల్మయ్.
పది దాటాక నాకు ఫోన్ చెయ్యకు, అని
లిథువేనియా రసా, రెండు గీతలు కొట్టి మరీ.
లెతెబ్రహన్ కాగితం తెల్లగానే ఉంది.
"ఇది చెయ్యి అనడానికి
నాకెవరూ లేరు" అంది, సాదాగా,
ఉప్పు అయిపోయిందన్నంత సాదాగా.

మంగళవారం పొద్దుటి షిఫ్టు.
కొత్తగా చేరిన కుర్రాడి స్వెట్టర్ చెయ్యి
బెల్టు పళ్ళలో చిక్కింది.
వాడికింకా తెలియదు.
మూడు బల్లల అవతల నుంచి ఒక అరుపు:
స్టాప్!
ప్లీజ్ లేదు, పేరు లేదు,
ఎవర్ని చూసి అందో అసలే లేదు.
అన్నదెవరో తెలిసేలోపే
ఫోర్‌మన్ అరచెయ్యి ఎర్ర మీట మీద ఉంది.
స్వెట్టర్ మోచేతిదాకా పోయింది.
చెయ్యి చేతిలాగే ఉంది.

గురువారం బోర్డు మీద తనే రాసింది: స్టాప్.
"ఇందులో యూ ఎవరు?" అడిగింది ఎల్స్‌పెత్.
చాలాసేపు ఆలోచించింది.
"ఫోర్‌మన్. బెల్టు.
బెల్టు మీది చేపలు కూడా.
అవి కూడా ఆగాయి."

అప్పుడు ఫ్లాస్కు మూత తిప్పుతూ,
పొద్దుట్నుంచీ నిలబడే ఉన్న టీచరు వైపో
ఇంకెటో చూస్తూ
"సిట్" అంది.
ఎల్స్‌పెత్ కూర్చుంది.
నేనూ కూర్చున్నాను,
నన్నేనన్నదో కాదో తెలియకుండానే.