తిత్తి అడిగినంత

హీయుమా దీవిలో, సముద్రపు అంచు చర్చిలో,
హిల్యా గారి ఎడమ మోకాలు
ఆ ఏడు మంచు పడకముందే చేతులెత్తేసింది.
పెడలు తొక్కనిదే హార్మోనియం పలకదు.
అది పలకనిదే ఆమెకు ఆదివారం తెల్లారదు.

ఆర్వెద్ ఒక పాత వాక్యూమ్ క్లీనర్ మోసుకొచ్చాడు.
రష్యన్ల కాలంలో వాళ్లమ్మ దాంతో తివాచీలు దులిపిందట.
మోటారు ఊడదీసి, గోడ అవతల కట్టెల గదిలో
గొర్రెబొచ్చు చుట్టి పడుకోబెట్టాడు.
నేను టార్చి పట్టుకున్నాను. అదే నా కొలువు.

స్విచ్చి వేశాం.
తిత్తి ఒక్క గుక్కలో ముడుచుకుపోయింది,
కుట్లు పటపటమన్నాయి,
కిటికీ అద్దాల మీద సాలీళ్లు పరుగెత్తాయి.
"నేనడిగింది ఊపిరయ్యా," అంది హిల్యా,
"తుఫాను మాకు బయట బోలెడుంది."

మర్నాడు అతని జేబులో
మూడు కాళ్ల ముక్క ఒకటి, గోరంతది. ట్రయాక్.
"మా నాన్న కాలంలో పెద్ద రెసిస్టరు పెట్టేవాళ్లు,
మిగిలిన కరెంటంతా వేడైపోయేది,
దాని పక్కన తడి మేజోళ్లు ఆరేసుకునేవాళ్లం.
ఇది దేన్నీ కాల్చదు. ఆలస్యం చేస్తుందంతే.
కరెంటు సెకనుకు నూరుసార్లు సున్నాలో మునుగుతుంది,
మునిగిన ప్రతిసారీ ఇది తలుపు మూసుకుంటుంది.
మళ్లీ ఎప్పుడు తీయాలో మనం చెప్పాలి."

మా భాషలో హిల్యా అంటే ఆలస్యమనే అర్థం.
ముగ్గురిలో ఎవరం నవ్వామో గుర్తులేదు.

మూడు ఆదివారాలు మీట నేనే తిప్పాను,
ఆమె భుజాలు చూస్తూ.
భుజం లేచేసరికి స్వరం వచ్చేసేది,
నా వేలు వెనకబడేది.
నాలుగో చరణంలో పాట
నూతిలో పడ్డ చెంబులా దిగిపోయింది.
ముందు వరసలో జాలర్లు
తమ తప్పేమోనని గొంతు తగ్గించారు.

అప్పుడు ఆర్వెద్ నన్ను తీసేసి
నల్ల అట్టముక్క పెట్టాడు.
తిత్తికి అట్ట, అట్టకు ఇటు చిన్న బల్బు,
అటు వెలుతురు పడితే మెత్తబడే కన్ను.
తీగ తీగకూ గాలి లోపలికి జారితే తిత్తి విచ్చుకుంటుంది,
అట్ట తొలగుతుంది,
తలుపు కాస్త ముందే తెరుచుకుంటుంది.
చాలనుకుంటే తిత్తే ముడుచుకుని
వెలుతురును మూసేస్తుంది.

పాస్టరు రేడియోలో వాతావరణ వార్తలు
బరబరమన్నాయి రెండు వారాలు,
ఒక కాయిలూ ఒక కెపాసిటరూ దొరికేదాకా.

ఇప్పుడు ప్రార్థన వేళ
మోటారు పూర్తిగా ఆగదు.
తోలులో ఎక్కడో చిల్లి ఉంది, మేం వెతకలేదు.
నిద్రపోయే పిల్లి పాటి చప్పుడు.

పెడళ్లు విప్పేద్దామా అని అడిగాను.
ఉండనీ, అంది.
వాటికి ఇప్పుడు ఏ తాడూ లేదు.
ఆమె కుడికాలు మాత్రం
పాట మొదలవగానే తొక్కుతుంది,
ఎడమదాని వంతు వచ్చినప్పుడు
కాసేపు ఆగుతుంది.