జెండా పాట

ఎనుమాముల మార్కెట్ల
విశ్వనాథం సేటు అడ్తి దుకాన్ల
కాంటాకు పైన, గోడకు టీవీ.
కింద మిర్చి ఘాటుకు అందరం తుమ్ముతుంటే
అండ్లున్నాయన ఒక్కడే తుమ్మడు.

కోటు, టై, ఎన్కకు దువ్విన తల.
కింద ఎర్ర అంకెలు, పచ్చ అంకెలు
చీమలబారోలె నడుస్తనే ఉంటయి.
"నూట నలభై రెండుల కొనుండ్రి,
రెండు వందల పది దాకా పోతది."
పోతది అన్నప్పుడు ఆయన చెయ్యి
హారతి పట్టినట్టు పైకి లేచింది.

నేను దడ్వాయి ఓదెలును.
ముప్పై ఏండ్లు తూకం పట్టిన చెయ్యి నాది.
బస్తాల మోచెయ్యి దాకా పెట్టి
నడిమిట్ల తేమ ఎంతున్నదో చెప్త.
కాయను చెవి కాడ ఊపి
గింజల సప్పుడు ఇని చెప్త
కల్లంల ఎన్ని దినాలు ఎండిందో.
గంతటోన్ని
చెయ్యి పెట్టరాని బస్తాను కొన్న.
చిట్టి ఎత్తిన పైసలు, ఎనభై వేలు.
గుమస్తా సదానందం ఫోన్ల నొక్కిండు,
నేను పక్కపొంటి నిలవడి మొక్కిన.

ఇయ్యాల అది అరవై ఒకటి.
ఆయన మల్ల వచ్చిండు. టై మారింది.
నా కంపెనీ పేరు ఆయన నోట్లె లేదు.

కోపానికి కాదు, ఊకెనే,
రెండు నెలలు ఆయన చెప్పిందల్లా
పాత తక్‌పట్టీల ఎన్క రాసి
మేకుకు గుచ్చిన.
మొన్న ఐతారం బంద్ నాడు దించి సదివిన.
సగం అయినయి. సగం కాలె.
మా మనుమరాలు బొమ్మా బొరుసేసినా
గంతే అయ్యేటివి,
అదీ కోటు లేకుంట.

సదానందం అంటడు, "టీవీల వచ్చిందంటే ఉత్తగనా?"
అరే సదానందం, జెండా పాట మర్సినవా?
పొద్దుగాల జెండా లేస్తది.
ఒక్క రాశికి, నిగనిగలాడే చపాట రాశికి
పెద్ద ధర పల్కుతది.
తెల్లారి పేపర్ల గా ధరనే అచ్చు.
అది సూసి రేగొండ నుంచి, మొగుళ్లపల్లి నుంచి
బండ్లు కట్టుకోని వస్తరు,
బస్తాల మీద్నే పండుకుంటరు.
పది గంటలకు వాళ్ల రాశి కాడ
ఖరీద్‌దారు కాయ ఇరిచి, మొకం అటు తిప్పి
నాలుగు వేలు తగ్గించి అంటడు.
జెండా అబద్ధమాడలే.
అది అందరి ధర అని
మనమే అనుకున్నం.

ఇక్కడికే ఆపుదామనుకున్న.
ఒక మాట గొంతుల గింజోలె అడ్డం పడ్డది.

పోయిన మాఘంల రేగొండ కట్టమ్మ అడిగింది,
"ఓదెలన్నా, అమ్మాల్నా? కోల్డ్ స్టోరేజిల పెట్టాల్నా?"
"పెట్టక్కా, ఎండకాలం పోంగనే పెరుగుతది" అన్న.
ఎట్ల ఎర్క నాకు?
ఏం ఎర్క లేదు.
అడిగిన మొకం సూస్తే ఉత్త చేతుల పంపబుద్ధి కాలె.
టై లేదు గని, దడ్వాయినన్న పేరున్నది గద నాకు.
ధర పడ్డది. కిరాయి మీద పడ్డది.
ఆమె నన్నొక్క మాటనలే.
ఎనభై వేలు పోయిన నాడు నిద్రపట్టింది,
కట్టమ్మకు పట్టీ రాసిన నాడు పట్టలే.

ఈయేడు మల్ల వచ్చింది, నలభై మూడు బస్తాలతోని.
మల్ల గదే అడిగింది.
పైన టీవీల ఆయన చెయ్యి లేపుతుండు.
నేను బస్తాల చెయ్యి పెట్టిన.
"తేమ లేదక్కా. తాలు తక్వ. రంగు నిలవడ్డది.
గింత దాకా నా చెయ్యి చెప్తది.
రేపటి ధర నాకెర్క లేదు."

ఆమె జరసేపు సూసింది.
కొంగు ముడి ఇప్పి చాయ పైసలు తీసుకుంట
"గీ మాట పోయినేడే అంటే అయిపోవు గదనే" అన్నది.

సదానందం టీవీ సప్పుడు పెంచిండు.
మొదటి బస్తా ఎక్కింది.
కాంటా మీది అంకె
ఒక్క కాడ ఆగేదాక
నేను అటే సూసుకుంట నిలవడ్డ.