ఏ రకం

మిర్యాలగూడ సాగర్ రోడ్డుల
సేటు ఫ్యాన్సీ దుకాణం.
అద్దాల కౌంటర్ ఎనక నేను, ఆరేండ్ల సంది.
వచ్చినోళ్లు అడిగేది ఒకటే:
"అక్కా, తెల్లగ చేసేది ఏమన్న ఉందా?"

అసొంటిది లేదు తల్లీ అంటే సేటుకు కోపం.
డబ్బాకు ఇరవై రూపాయలు మిగిలేది దానిమీదనే.
ఆయన చాయ తాగ పోయినంక చెప్త:
పొద్దుగాల ఉత్త నీళ్లతోటి మొఖం కడుగు.
ఏం రాయకు. గంటసేపు ఆగు.
టిష్యూ కాయితం నుదుటికి, ముక్కుకు, చెంపలకు అద్ది
ఎలుతురుకు పట్టి చూడు.

మిర్చి బజ్జీల పొట్లం లెక్క మెరిస్తే
జెల్లు చాలు, నూనె మీద నూనెందుకు?
ఏం అంటకుంట, చెంపలు గుంజినట్టుంటే
చిక్కటి క్రీము, అదీ తడి ఆరకముందే.
ముక్కుదొక ఊరు, చెంపలదొక ఊరు అయితే
రెండూర్లకు ఒకటే బస్సు నడవదు.

ఇంటర్ పిల్ల పరిమళ
మొటిమల మీద నిమ్మకాయ రుద్దుకొని వచ్చింది,
మొఖమంత కందిపోయి.
వాళ్ల బోరు నీళ్లకు బిందె చుట్టూ తెల్లటి గీత కడతది.
ముందు సబ్బు మార్చు బిడ్డా అన్న.
లారీ డ్రైవర్ జానీమియా
పెండ్లానికని చెప్పి సన్‌స్క్రీన్ కొంటడు.
కిటికీ దిక్కు చెయ్యి ఒక్కటే ఏటేటా నల్లగైతుంది,
నాకు తెల్వదా.

ఎండలు ముదరకముందు
ఒకామె వచ్చి నిలబడ్డది, చేతులు కొంగు కింద.
సైదమ్మ. పదహారేండ్లు మేస్త్రీల కాడ
ఉత్త చేతులతోటి మాల్ కలిపింది.
"రేషన్ కాడ మిషన్ నా ఏలు పట్టుకుంటలేదు.
గీతలొచ్చే క్రీము ఉంటదా బిడ్డా?"

కంపెనీ పటంల నాలుగే మొఖాలు:
జిడ్డుది, పొడిది, రెండూ కలిసింది, ముట్టుకుంటే మండేది.
కొంగు కిందికెల్లి బొటనేలు బయటికొచ్చింది.
అరిగిన సబ్బు బిళ్ల.

నేనేం డాక్టర్‌ను గాను.
గోరెచ్చని నీళ్లల్ల పది నిమిషాలు పెట్టు,
తుడ్వకు, అద్దుకో,
ఈ ముప్పై రూపాయల వ్యాజిలిన్ పూసి
పాత సాక్సు తొడిగి పండుకో.
పనికాడ రబ్బరు గ్లౌజులు...
"మేస్త్రి నవ్వుతడు."
నవ్వనియ్.

రెండు నెలలకు మళ్ల వచ్చింది. ఏం కొనలే.
కౌంటర్ అద్దం మీద బొటనేలు గట్టిగ ఒత్తింది.
ఇద్దరం వంగి చూసినం.
పక్క నుంచి చూస్తే ఏదో ఉంది,
రెండు గీతలో, మూడో.
"మిషన్‌కు సాల్తదా?"
ఏమో.

రాత్రి షట్టర్ ఏసేముందు అద్దం తుడుస్తుంటే
సేటు గల్లపెట్టె లెక్కల ఉండు,
ఆ మూలకు బట్ట పోనియ్యలే.