వేలాడే కొస

పలాసలో బండి దిగగానే
జీడిపిక్కలు కాలుతున్న పొగ ముందుగా పలకరించింది.
సంచిలో లాప్‌టాప్, నీలం రంగు కన్సోల్ తీగ,
మా ఆవిడ కట్టిచ్చిన చద్దన్నం.

నిన్న సాయంత్రం నుంచి ఫ్యాక్టరీలో తూకం ఆగిపోయింది.
పొట్టు తీసే ఆడవాళ్లు
పళ్లాలు ఒళ్లో పెట్టుకుని వరసగా కూర్చున్నారు.
కాటా ఉంది, కంప్యూటర్ ఉంది,
కాటా చెప్పిన మాట కంప్యూటర్‌కి చేరటం లేదు.
చేరనిది కిలో కాదు. కిలో కానిది కూలి కాదు.

"రూటర్ పోయింది, కొత్తది కొనేద్దాం" అంటాడు మేనేజరు పాత్రో.
తలనొప్పికి తల మార్చేస్తామా అన్నాను.
నవ్వలేదు.

సామాన్ల గదిలో, ఖాళీ టిన్నుల వెనక, స్విచ్.
ఒంట్లో బాగున్నప్పుడు దాని దీపాలు
సంతలో మాటల్లా
ఒకదానితో ఒకటి పొంతన లేకుండా మిణుకుతాయి.
ఇప్పుడు ఇరవై నాలుగూ
ఒక్కసారే ఆరి ఒక్కసారే వెలుగుతున్నాయి.
పూనకం.
మా పనిలో దీన్ని తుఫాను అంటారు.
తుఫానంటే ఏటో ఈ ఊరికి నేను చెప్పాలా?
కొబ్బరిచెట్లు వేళ్లతో లేచిపోవటం చూసిన ఊరు.
ఇది గాలి లేనిది. ఒక్క కేక
బయటికి దారి దొరక్క తిరిగి తిరిగి
వెయ్యి కేకలై
అసలు మాటకి సందు లేకుండా చేస్తుంది.

లాగ్ తెరిచాను.
దాని గడియారంలో ఇంకా 1993 మార్చి నడుస్తోంది.
ఎవరూ దానికి వేళ చెప్పలేదు పాపం.

"ఎప్పుడాగింది?"
"రెండో టీ అయినాక, లైట్లెయ్యకముందు"
అంది బమ్మిడి నీలవేణి.
గోడమీద బొగ్గుగీతలు చూపించింది, తూకానికొక గీత.
ముప్పై ఒకటో గీత దగ్గర ఆగిపోయాయి.
నేను నమ్మింది ఆ లాగ్‌ని.

రెండో టీ తర్వాత ఈ గదిలోకి ఎవరొచ్చారు?

ఒక్కో తీగా పీకుతూ వచ్చాను.
పదిహేడు పీకగానే తెరిపిచ్చింది.
తీగ వెంట వేళ్లు నడిపిస్తే
రెండో కొస ఇరవై మూడులో ఉంది.
తనలోంచి బయల్దేరి తనలోకే చేరిన తీగ.

ఊడ్చే గవరయ్య చీపురు పట్టుకునే వచ్చాడు.
"నానే ఎట్టీసినాను బాబూ.
ఊడుస్తంటే కిందకి ఏలాడతంది.
కన్నం కాళీగా ఉంది కదా,
దానికీ ఓ సోటుండాలనీసి."

పాత్రో నోరు తెరిచాడు. చెయ్యి అడ్డం పెట్టాను.
ఇలాంటి ముడి పడితే పసిగట్టే కాపలా ఒకటి ఉంటుంది ఇందులో.
దాన్ని ఆపేసినవాడు ఏనాడో
జీతం లెక్క చూసుకుని వెళ్లిపోయాడు.
పాస్‌వర్డ్ ఫ్యాక్టరీ పేరే, పక్కన ఒకటి రెండు మూడు,
స్విచ్ నుదుటిమీద కాగితం అంటించి మరీ.

కాగితం చింపాను. కాపలా లేపాను. వేళ దిద్దాను.
ఖాళీ కన్నాలు ఒక్కొక్కటే మూశాను.

గుమ్మంలో నిలబడినవాణ్ని "ఎవలు?" అని అడక్కుండా
కంచం పెట్టే ఇంట్లో పుట్టాను నేను.
ఈ పనిలో మాత్రం
పేరు చెప్పనివాడికి గుక్కెడు నీళ్లు కూడా పొయ్యను.
అలవాటైపోయింది.
అప్పుడప్పుడూ గుచ్చుతుంది.

కాటా పలికింది. నాలుగు కిలోల ఆరువందలు.
తెరమీద అంకె పడింది.
నీలవేణి అయినా సరే వంగి
బొగ్గుతో ముప్పై రెండో గీత గీసింది.

"మరి దీన్నేటి సెయ్యాల?"
గవరయ్య చేతిలో ఆ తీగ.
చుట్ట చుట్టి, గోనెపురికోసతో కట్టి
మేకుకి తగిలించటం చూపించాను.
రెండడుగులు వెనక్కెళ్లి చూసుకున్నాడు,
దేవుడి పటం వంకర సరిచేసినట్టు.

తిలారు దాటాక
చద్దన్నం మూత తీస్తుంటే గుర్తొచ్చింది:
కొత్త పాస్‌వర్డ్ కవర్లో పెట్టి పాత్రో చేతికిచ్చాను.
మడత విప్పుతూ
"గమ్ము సీసా ఎక్కడరా" అని
ఎవర్నో కేకేస్తున్నాడప్పుడు.