తరుగు

ఎగ్మూరు దస్తావేజుల ఆఫీసులో
ఫ్యాను గాలికి పేజీ లేవకుండా
నా టిఫిన్ డబ్బా మూత పెట్టబోతే
"ఆ పని మాత్రం చేయొద్దు సార్" అంటూ
ఇసక సంచి తెచ్చిచ్చాడు అటెండరు ఎత్తిరాజులు.

రెండువందల ఎనభై ఏళ్ల కిందట
ఎవరో దుబాసీ రాయించిన పద్దు.
చింతాద్రిపేట. నేతగాడు బుచ్చిలింగం.
బయానా పన్నెండు వరహాలు.
తెచ్చినవి ఇరవై తానులు, పద్దెనిమిది పుంజాల నేత.
నిలిచినవి పదకొండు.
తక్కినవాటి పక్కన గుమాస్తా గీసిన సన్నటి గీత,
గీత మీద ఒక్క మాట: తరుగు.

ఎందుకు తరుగో రాయలేదు.
నేత పలచనైందో, ఆ ఏడు నూలు ధర మండిందో,
సీమకెళ్లే ఓడ ముందే నిండిపోయిందో.
కొలకర్ర ఎవరి చేతిలో ఉందో మాత్రం
పేజీ పేజీకీ తెలుస్తూనే ఉంది.

నేను చరిత్ర చదివినవాణ్ణి కాదు.
ప్యారిస్ కార్నర్‌లో బంగారం మీద అప్పులిచ్చే బల్ల నాది.
రాళ్లకి తరుగు, లక్కకి తరుగు, అతుకుకి తరుగు.
నెలకో సెలవు పెట్టి ఇక్కడికొస్తాను.
మా ఆవిడ దీన్ని నా తిరపతి అంటుంది, నవ్వకుండా.

మధ్యాహ్నం గేటు బయట టీ బంకు దగ్గర
పులియాంతోపు కుర్రాడు మునెయ్య,
వీపున ఎర్ర పెట్టె, నోట్లో సగం అరవం కలిసిన తెలుగు.
ఫోను చూపించాడు.
"పద్నాలుగు డ్రాపులు చేస్తి అన్నా. పదకొండుకే దుడ్డు వేసిండారు.
ఏల అని అడగను ఆ పక్క మనిషే లేడే."

పదకొండు.
పెన్సిలుతో ఇప్పుడే రాసుకున్న అంకె.

అలాగని బుచ్చిలింగమే మునెయ్య అనను.
అంత సులువైతే ఈ దుమ్మంతా పీల్చడం దేనికి?
ఆరునెలల తర్వాత అదే పద్దులో ఉంది:
"మగ్గం విప్పుకుని రాత్రికి రాత్రి హద్దు దాటినాడు. బాకీ రాదు."
మునెయ్య బండి వాయిదాల మీదుంది.
అది ఏ సందులో ఆగిందో
అప్పిచ్చినవాడికి ఇంట్లోవాళ్లకన్నా ముందు తెలుస్తుంది.

పాత లెక్క ఇవాళ్టి లెక్కకి జవాబివ్వలేదు.
ఏ గడి మీద వేలు పెట్టి అడగాలో
అదొక్కటి చూపించి ఊరుకుంది.

సోమవారం
ఒకామె రెండు గాజులు బల్లమీద పెట్టింది.
తూచాను. రాశాను.
తరుగు గడి దగ్గర చెయ్యి ఆగింది.
అంత ఎందుకు పోయిందని ఆమె అడగలేదు,
కొంగుతో మెడ తుడుచుకుంటూ నిలబడింది.
కాగితం ఆమె వైపు తిప్పి
అచ్చులో చోటు లేకపోతే అంచున,
చిన్న అక్షరాలతో, కారణం రాశాను.

వెనక వరసలో ఎవరో
విసుగ్గా దగ్గారు.